నాలుగు చేతుల స్టీరింగు

మల్లప్ప చెయ్యి విరగ్గొట్టింది అతని సొంత బండే.

అది పంతొమ్మిది వందల యాభై ఎనిమిది ఎండాకాలం. నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట లేస్తోంది. పాలమూరు జిల్లాలో ఊళ్లకు ఊళ్లే తట్టాబుట్టా సర్దుకుని ఆ పనికి కదిలిపోయాయి. అన్ని వేలమంది రోజూ తినాలి కనుక అక్కడ మాంసానికి ఎప్పుడూ గిరాకీయే. కల్వకుర్తి పక్క పల్లెలో ఉండే కురుమ మల్లప్ప వారానికి రెండుసార్లు తన పికప్పు బండిలో పద్దెనిమిది గొర్రెలు ఎక్కించుకుని, డిండి మీదుగా దేవరకొండ దాటి నందికొండకు చేర్చేవాడు.

ఆ బండి రెండో ప్రపంచ యుద్ధం నాటిది. యుద్ధం ముగిశాక సికింద్రాబాదులో మిలట్రీ వాళ్లు వేలం వేస్తే, సగం మందను అమ్మి మరీ తెచ్చుకున్నాడు. పడుచుతనంలో అక్కడి మిలట్రీ డిపోలో నీళ్లబండి నడిపిన అనుభవం ఉంది అతనికి. ఇంజను మంచిది. గేర్లు మొండివి. స్టీరింగుతోనే అసలు తంటా. చక్రాన్ని పావు చుట్టు తిప్పేదాకా ముందు టైర్లకు కబురే అందదు. అందిన తర్వాత నిండిన మోటను బావిలోంచి ఒక్కడే గుంజుతున్నంత బరువు. గొర్రెలతో దేవరకొండ చేరేసరికి భుజాలు దిగజారిపోయేవి.

ఆ ఎండాకాలం ఒక పొద్దున దేవరకొండకు ఇవతల దిగుడులో ముందు టైరు గుమ్మడికాయంత రాయికి తగిలింది. దెబ్బకు స్టీరింగు చక్రం గిర్రున వెనక్కి తిరిగింది. దాని అంచును నడిమికి కలిపే ఇనుప పుల్ల మల్లప్ప కుడి మణికట్టు మీద గొడ్డలి దెబ్బలా పడింది. బండి తుమ్మపొదలోకి పోయి ఆగింది. గొర్రెలకు ఏమీ కాలేదు. మల్లప్ప మాత్రం వేలాడుతున్న చేతిని ఒళ్లో పెట్టుకుని, బండి దిగకుండా చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు.

పక్క ఊరి పెద్దమనిషి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. ఎముక అతుక్కుంది కానీ పిడికిలి బిగుసుకోలేదు. జొన్నరొట్టె తుంచడానికి కూడా ఎడమచేయి సాయం కావాల్సి వచ్చేది. నెలలు గడిచాయి. బండి ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడిపోయింది. కోళ్లు దాని సీటు మీద గుడ్లు పెట్టసాగాయి. కోస్గి నుంచి యాదగిరి అనే వ్యాపారి వచ్చి ఇనుము కింద కొంటానని అడిగాడు. ఆలోచించి చెప్తానన్నాడు మల్లప్ప.

అతని భార్య భద్రమ్మ ఆ మాట విని, చేతిలోని చాటను కిందపెట్టింది.

"ఇనుమా? ఇంజను మంచిగ లేదా?"

"ఇంజను మంచిగనే ఉన్నది. తిప్పేటందుకు నాకు చెయ్యే లేదాయె."

"నీకు ఒక్క చెయ్యే పోయింది. ఇంకోటి ఉన్నది. నాకు రెండున్నయి."

మల్లప్పకు మొదట అర్థం కాలేదు. భద్రమ్మ వేపచెట్టు కిందికి పోయి, కోళ్లను అదిలించి, ఎడమ సీటులో ఎక్కి కూర్చుంది. అక్కడి నుంచి పక్కకు వంగి రెండు చేతులతో స్టీరింగు చక్రం అంచును పట్టుకుంది.

"నువ్వు చెప్పు, నేను గుంజుత," అంది.

దసరా తర్వాత నుంచి వాళ్లు అట్లా నడిపారు. మల్లప్ప కుడి సీటులో కూర్చుని ఎడమచేత్తో చక్రాన్ని పట్టేవాడు. కుడిచేతిని పుల్లల మధ్య ఊరికే ఆనించేవాడు. అతను గేరు మార్చేటప్పుడు చక్రం మొత్తం భద్రమ్మ చేతుల్లో ఉండేది. మొదట్లో "ఎడమకు! కుడికి! ఇంక జర!" అని అరుపులే. రెండు నెలలయ్యేసరికి మాటలు తగ్గిపోయాయి. మలుపు ముందు అతను ఊపిరి బిగబట్టేవాడు, ఆమె అప్పటికే గుంజుతూ ఉండేది. దేవరకొండ బజారులో జనం దాన్ని నాలుగు చేతుల బండి అని పిలవసాగారు. కొందరు నవ్వేవారు. నవ్వేవాళ్లను చూసే తీరిక భద్రమ్మకు లేదు. ఆమె కళ్లు ఎప్పుడూ ఆ చక్రం అంచు మీదే ఉండేవి. అరచేతుల్లో కాయలు కాశాయి. నందికొండకు నలభైసార్లు పోయి వచ్చి ఉంటుంది. దారి ఎట్లా ఉంటుందని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది.

శివరాత్రి దాటిన వారం వెనక టైరు మీది కమాను పట్టీ ఒకటి విరిగింది. దాన్ని బాగుచేయించడానికి కల్వకుర్తిలో ఐలేశం కొలిమికి పోయారు.

ఐలేశం కమ్మరి. అరవై ఏళ్ల మనిషి. నాగళ్లకు కర్రులు, బండ్లకు కమ్ములు వేసి వేసి, రోడ్డు మీద లారీలు పెరిగాక వాటిని కూడా విప్పడం మొదలుపెట్టాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విప్పి చూడడం, మళ్లీ బిగించడం, మిగిలిన ముక్క ఎక్కడిదో తెలిసేదాకా అన్నం ముట్టకపోవడం, అదే అతని చదువు. ఆ రోజు సుత్తె ఎత్తి పట్టుకుని ఉండగా పికప్పు అతని వాకిట్లోకి మలుపు తిరిగింది. లోపల మగమనిషి ఒంటిచేత్తో తోస్తున్నాడు, ఆడమనిషి సీటు అంచు మీద సగం లేచి రెండు చేతులతో గుంజుతోంది. ఇద్దరి మెడ నరాలూ తేలి ఉన్నాయి. ఐలేశం సుత్తెను మెల్లగా దాగలి మీద పెట్టాడు.

"ఎన్నాళ్ల సంది గిట్ల?" అని అడిగాడు, వాళ్లు దిగాక.

"దసర సంది, కాకా," అన్నాడు మల్లప్ప.

"నందికొండ దాంక?"

"దాంక."

ఐలేశం భద్రమ్మ వైపు తిరిగి, "చేతులు చూపియ్యి కోడలా," అన్నాడు. ఆమె కొంగుతో తుడుచుకుని చూపించింది. అతను వాటిని ముట్టుకోకుండా, వంగి, కొలిమి వెలుగులో ఇనుమును చూసినట్టు చూశాడు.

"నలభై ఏండ్ల సంది ఇనుం కొడుతున్న. నా చేతులకు గూడ గిన్ని కాయల్లేవు," అన్నాడు. "పట్టీ సంగతి తర్వాత. ముందుగాల గా స్టీరింగు విప్పుత."

విప్పాడు. చక్రం కింద పొడవాటి కడ్డీ, దాని చివర ఇనుప డబ్బా. డబ్బాలో కడ్డీకి మరలు, ఆ మరలకు ఒరుసుకుంటూ ఒక పళ్ల ముక్క. పళ్లు చీమలు తిన్న జొన్నగింజల్లా అరిగిపోయి ఉన్నాయి.

"చూడు మల్లప్పా. ఇనుం ఇనుంను రాసుకుంటాంది. గందుకే బరువు. అరిగింది గన్క గంత వదులు. ఇంకోటి గిసొంటిదే ఏస్తే వదులు పోతది, బరువు పోదు."

"మరెట్ల కాకా?"

ఐలేశం అరిగిన పళ్ల ముక్కను చేతిలో తిప్పి చూశాడు. డిండి దిగుడులో ఒక లారీ నిరుటి నుంచి బోర్లా పడి ఉంది. ఎడమ వైపు కూర్చుని నడిపే అమెరికా లారీ అది. ఆనకట్ట పనికి రాళ్లు తోలిన గుత్తేదారుది. బాగుకు రాదని అక్కడే వదిలేశాడు. దాన్ని నడిపిన మనిషి ఒకసారి ఈ కొలిమి దగ్గర నీళ్లు తాగుతూ, అంత పెద్ద లారీని రెండు వేళ్లతో తిప్పుతానని చెప్పాడు. కోతలు కోస్తున్నాడనుకున్నాడు ఐలేశం. ఇప్పుడు ఆ మాట మనసులోకి వచ్చింది.

పట్టీ వేసి, విప్పిన స్టీరింగును అప్పటికి మళ్లీ బిగించి, ముగ్గురూ ఆ మధ్యాహ్నమే డిండికి పోయారు. అక్కడి గుత్తేదారు మనిషి మల్లప్ప దగ్గర ఒక పొట్టేలును తీసుకుని, కావాల్సింది విప్పుకోమన్నాడు. తలకిందులైన లారీ కిందికి ఐలేశం వెల్లకిలా దూరి, సాయంత్రానికి కడ్డీతో సహా ఆ స్టీరింగు డబ్బాను బయటికి తీశాడు.

మర్నాడు పొద్దున కొలిమి ముందు భద్రమ్మ తన నల్లగొంగడిని పరిచింది. ఐలేశం డబ్బాను దాని మీద పెట్టి మూత విప్పాడు. లోపలి దిమ్మను అట్లా ఎత్తాడో లేదో, చిలచిలమని ఉక్కు గుండ్లు రాలాయి. కందిగింజ కన్నా కాస్త పెద్దవి. గ్రీసులో మునిగి ఉన్నా, గొంగడి మీద దొర్లగానే ఎండకు తళుక్కుమన్నాయి. ముగ్గురూ మోకాళ్ల మీద కూర్చుండిపోయారు.

"గియ్యేంటియి? పగిలినయా?" అని భయంగా అడిగాడు మల్లప్ప.

"ఉష్‌," అన్నాడు ఐలేశం.

అతను ఒక్కో గుండును తుడిచి, వేళ్ల మధ్య తిప్పి చూశాడు. ఒక్కదానికీ గీత లేదు. తర్వాత దిమ్మలోకి తొంగిచూశాడు. లోపల గుండ్లు నడిచే కాలువ ఒకటి ఉంది. కాలువ చివర చిన్న గొట్టం, అది మళ్లీ కాలువ మొదటికే చేరుతుంది. చాలాసేపటి తర్వాత అతను దిమ్మను కడ్డీ మీదికి ఎక్కించి, గుండ్లను ఒక్కొక్కటిగా గొట్టం దారిన లోపలికి వేశాడు. చిటికెన వేలితో కడ్డీని తిప్పాడు. దిమ్మ చప్పుడు లేకుండా కదిలింది. ఎదురు తిప్పాడు, చప్పుడు లేకుండా వెనక్కి వచ్చింది.

"దా బిడ్డా, నువ్వు తిప్పు," అన్నాడు భద్రమ్మతో. 

ఆమె తిప్పింది. బలం పెట్టబోయి, పెట్టాల్సిన పనే లేక ముందుకు తూలింది. అంత బరువైన ఉక్కు దిమ్మ ఆమె వేళ్ల కింద వెన్నముద్దలా జారిపోయింది. చేతిని చటుక్కున వెనక్కి తీసుకుంది.

"లోపట పానమున్నది ఏమన్న ఉన్నదా మామా?"

"గుండ్లున్నయి. గంతే. ఇనుం ఇనుంను రాసుకోకుంట నడుమల ఇవి దొర్లుతయి. ఈ కొసకు వచ్చినయి గొట్టంల పడి, ఆ కొసకు పోయి, మళ్ల పనిల జొరబడతయి. అలసటే లేదు వాటికి." ఐలేశం తల అటూ ఇటూ ఊపాడు. "ఏ దేశంల, ఏ మహానుభావుడు కూసోని ఆలోచించిండో. ఆయన చేతులకు మొక్కాలె."

అది చెప్పి నిజంగానే ఆ డబ్బాకు చేతులు జోడించాడు. ఎవరూ నవ్వలేదు.

బిగించడానికి మూడు రోజులు పట్టింది. లారీ డబ్బా ఎడమ వైపుకు చేసింది, మల్లప్ప బండి కుడి వైపుది. డబ్బాను బోర్లా తిప్పి, కొత్త రంధ్రాలు వేసి, ఆనుకోవడానికి ఇనుప దిమ్మెలు కొట్టి, ఐలేశం దాన్ని కుదిర్చాడు. మూడో రోజు సాయంత్రం మల్లప్ప సీటులో కూర్చుని చక్రాన్ని ఎడమకు తిప్పాడు. ముందు టైర్లు మెత్తగా, నిమ్మళంగా, కుడికి తిరిగాయి.

అందరూ చూశారు. మల్లప్ప మళ్లీ తిప్పాడు. కుడికి తిప్పితే టైర్లు ఎడమకు పోయాయి.

బోర్లా తిప్పడంతో డబ్బా నడకే తారుమారైంది. దాన్ని నిలువుగా పెడితే ఇటువైపు పట్టదు. బోర్లా పెడితే ఎదురు తిరుగుతుంది. ఐలేశం బండి కింద పడుకుని లేవలేదు. అతని భార్య తినడానికి జొన్న గటక తెచ్చి పక్కన పెడితే ముట్టలేదు. మల్లప్ప గడప మీద కూర్చుని, తన వంకర మణికట్టును చూసుకుంటూ అన్నాడు:

"పోనియ్యి కాకా. మా రాత గింతే. పాతదే బిగియ్యి."

"నోరు మూస్కో," అన్నాడు ఐలేశం బండి కింది నుంచి.

మరునాడు పొద్దున అతను వేరే ఎవరివో కర్రులు కాల్చడానికి కూర్చున్నాడు. చేతులు పనిలో ఉంటే బుద్ధి పనిచేస్తుందని అతని నమ్మకం. తిత్తి ఊదే మనిషి రాలేదు. భద్రమ్మ లేచి తిత్తి దగ్గరికి పోయింది. తోలుతిత్తి మీద అడ్డంగా ఒక పొడుగు కర్ర, కర్రకు నడుమ ఒక గుంజ, ఇవతలి కొసకు గొలుసు. గొలుసును కిందికి లాగితే అవతలి కొస తిత్తిని పైకి లేపుతుంది. ఆమె లాగింది. లాగుతూ లాగుతూ ఆగింది.

"మామా."

"ఊఁ."

"నేను కిందికి గుంజుతున్న. గది మీదికి పోతాంది."

"తిత్తంటే గంతే గద బిడ్డా."

"గది గాదు. మన బండి గూడ గట్లనే ఉల్టా పోతాంది గద. గీ కట్టె లెక్క ఒకటి నడుమల పెడితే, ఉల్టా పోయేది మళ్ల ఉల్టా అయి, సీదా గాదా?"

ఐలేశం పట్టుకారులో కర్రు ఎర్రగా వెలుగుతోంది. అది నల్లబడేదాకా అతను కదల్లేదు.

"ఇంకోసారి గుంజు," అన్నాడు. ఆమె గుంజింది. అతని కళ్లు గొలుసు నుంచి కర్ర నడుమకు, నడుమ నుంచి అవతలి కొసకు నడిచాయి. "ఇంకోసారి." ఆమె మళ్లీ గుంజింది. ఐలేశం పట్టుకారును నీళ్లతొట్టిలో పారేసి వాకిట్లోకి వచ్చాడు.

"మల్లప్పా! నీ పెండ్లాం చెప్పింది విన్నవా? ముప్పై ఏండ్ల సంది గా తిత్తి నా నెత్తి మీదనే ఊగుతాంది. నాకు కండ్లు లేకపాయె!"

విరిగిన లారీ ఇరుసు ముక్క నుంచి జానెడున్నర పొడవు మీట ఒకటి కొట్టాడు. అది కొట్టినంతసేపూ ఎవరినీ మాట్లాడనివ్వలేదు. నడుమ రంధ్రం, రెండు కొసలకు రెండు రంధ్రాలు. చల్లారాక దారం కట్టి వేలాడదీసి సుత్తెతో తట్టాడు. గుడిగంటలా మోగింది. అయినా తృప్తి పడలేదు. గట్టు మీది బండకేసి మూడుసార్లు బలంగా కొట్టాడు.

"ఇప్పుడు విరిగితే ఇనుం ఒక్కటే పోతది. బాట మీద విరిగితే మీరు పోతరు," అన్నాడు. నాలుగోసారి మల్లప్పను కొట్టమన్నాడు. ఎడమచేత్తో కొట్టాడు మల్లప్ప. బండ పెచ్చు లేచింది, మీటకు గీత పడలేదు.

మీటను బండి చట్రానికి నడుమ బోల్టు మీద ఊగేలా బిగించారు. పైకొస కొత్త డబ్బాకు, కిందికొస టైర్లను తోసే కడ్డీకి. ఈసారి మల్లప్ప ఎడమకు తిప్పితే టైర్లు ఎడమకే తిరిగాయి.

ఊరి బయట కోసిన జొన్నచేనులో నడిపి చూశారు. ఐలేశం ఎడమ సీటులో, భద్రమ్మ వెనక నిలబడి. మల్లప్ప వంకర చేతిని చక్రం మీద ఆనించి, ఎడమచేత్తో ఒక పక్కకు తిప్పాడు. నేలలో మిగిలిన జొన్న మొయ్యల మీద ఎగురుతూనే బండి చుట్టు తిరిగింది. ముందటికన్నా ఎక్కువ చుట్లు తిప్పాల్సి వస్తోంది కానీ బరువు లేదు. చక్రం బావిలో చేద తాడులా చేతుల్లోంచి నడిచిపోతోంది.

"ఇప్పుడు చెయ్యి వదులు," అన్నాడు ఐలేశం.

"వదిలితే?"

"వదిలి చూడు."

మల్లప్ప వేళ్లు సడలించాడు. బండి మెల్లగా ముందుకు పోతూనే ఉంది. వంకరగా ఉన్న టైర్లు తమంతట తామే సరిచేసుకోసాగాయి. స్టీరింగు చక్రం, ఎవరూ ముట్టకుండానే, అతని అరచేతుల కిందుగా జారుతూ వెనక్కి తిరిగి, నేరుగా వచ్చి ఆగింది. పాత బండి ఏనాడూ అట్లా తిరిగి రాలేదు. తిప్పిన వైపే మొరాయించి ఉండిపోయేది, మళ్లీ గుంజి తేవాల్సి వచ్చేది.

మల్లప్ప బండి ఆపాడు. తల వంచుకుని, చక్రం మీద నుదురు ఆనించాడు. భుజాలు కదులుతున్నాయి. వెనక నుంచి భద్రమ్మ గాబరాగా, "ఏమైంది? మళ్ల తగిలిందా?" అని అడిగింది.

"ఏం గాలే," అన్నాడు ఐలేశం. "దానంతట అదే ఇంటికొచ్చింది, బిడ్డా. గది చూసి ఏడుస్తుండు."

ఆ వారమే గొర్రెలతో నందికొండకు బయలుదేరారు. భద్రమ్మ రాకపోయినా పని నడుస్తుంది. కానీ రావద్దని మల్లప్ప అనలేదు, ఉంటానని ఆమె అనలేదు. ఎడమ సీటులో కూర్చుంది. మొదటి మలుపు దగ్గర ఆమె చేతులు వాటంతట అవే లేచాయి. మల్లప్ప చూసి నవ్వాడు. ఆమె సిగ్గుపడి, రెండు చేతులనూ ఒళ్లో ముడుచుకుంది. డిండి దాకా అవి ఊరుకోలేదు. తర్వాత ఆమె తల ఎత్తింది.

దారికి ఇరువైపులా మోదుగులు పూసి ఉన్నాయి. మంట అంటుకున్నట్టున్న ఆ గట్లను చూసి, "గివి ఎప్పటి సంది ఉన్నయి ఈడ?" అని అడిగింది.

"ఎప్పటి సంది అంటే? ఎప్పుడూ ఉన్నయి."

దేవరకొండ కోట గోడ గుట్టల మీద పాములా పాకుతూ ఉంటే చూసింది. ఒక బండ మీద ఇంకో బండ, దాని మీద ఇంకో బండ, ఇప్పుడో ఇంకో గడియకో పడేటట్టు నిలబడి ఉంటే వాటి కింద నుంచి పోతూ ఊపిరి బిగబట్టింది. నలభైసార్లు ఆమె ఈ దారిన వచ్చింది. ఒక్కటీ చూడలేదు.

నందికొండలో జీవాలను దింపాక, "జర సేపు ఆగు," అని బండి దిగి, గుట్ట అంచు దాకా నడిచింది.

కింద నదిలో పునాది నుంచి లేచిన రాతిగోడ ఈ గుట్ట నుంచి ఆ గుట్ట దాకా పరచుకుని ఉంది. దాని మీద, దాని పక్కన కట్టిన కర్రల బాటల మీద, బాటల కింద గుంతల్లో మనుషులు. చీమల బారులంటే చీమల బారులే. ఆడవాళ్ల నెత్తిన సున్నం తట్టలు, మగవాళ్ల భుజాల మధ్య బొంగులకు వేలాడే బండలు. ఒక వరస ఎక్కుతోంది, ఇంకో వరస దిగుతోంది. ఒక్క క్షణం ఆగకుండా అది తిరుగుతూనే ఉంది. అంత గోడలో ఒక మనిషి ఒక తట్ట కుమ్మరిస్తే ఆ జాగా ఏదో కూడా తెలియదు.

మల్లప్ప వచ్చి పక్కన నిలబడ్డాడు.

"గిదంత తట్టలతోనేనా?" అని గొంతు తగ్గించి అడిగింది, పెద్దగా అంటే ఎవరైనా ఆగిపోతారేమో అన్నట్టు.

"తట్టలతోనే. చేతులతోనే."

"మనోళ్లెంతమంది ఉన్నరో అండ్ల."

"సగం మనోళ్లే, భద్రీ. పాలమూరోళ్లే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పొద్దు నెత్తి మీది నుంచి జారేదాకా అక్కడే నిలబడింది. ఖాళీ బండి ఎక్కి తిరుగుదారి పట్టారు. దేవరకొండ దాటాక, మట్టిబాట తిన్నగా సాగే మైదానంలో, ఉన్నట్టుండి అంది:

"బండి ఆపు. నేను నడుపుత."

మల్లప్ప ఆమె ముఖం చూశాడు. ఎందుకని అడగలేదు. దిగి ఇటు వచ్చాడు, ఆమె అటు జరిగింది. కాళ్లు అందకపోతే వెనక గొంగడి మడిచి పెట్టాడు. కాళ్ల కింద ఏది నొక్కితే ఏమవుతుందో చెప్పాడు. రెండుసార్లు బండి దుమికి ఆగిపోయింది. మూడోసారి గుర్రుమని కదిలింది. మొదటి గేరు అతనే వేశాడు, రెండోది కూడా.

కాళ్ల సంగతి ఆమెకు కొత్త. చేతుల సంగతి కాదు. ఏ గుంత దగ్గర బండి ఎటు లాగుతుందో, ఏ గట్టు పక్కన ఎటు ఒరుగుతుందో ఆమె అరచేతులకు నెలల తరబడి తెలుసు. అప్పుడు పెనుగులాటలో తెలిసింది, ఇప్పుడు తాకితే తెలుస్తోంది. బాట మీది చిన్నరాయి కూడా గుండ్లలోంచి, మీటలోంచి, కడ్డీలోంచి మెల్లగా పైకి వచ్చి ఆమె వేళ్లకు చెబుతోంది. ఎదురుగా భూమి విచ్చుకుంటోంది. అంత బాటా ఆమె రెండు చేతుల మధ్యలోకి వచ్చి, కిందుగా పోతోంది.

"ఎట్లున్నది?" అని అడిగాడు మల్లప్ప.

ఆమె బాట మీది నుంచి కళ్లు తిప్పకుండానే, కాలు ఇంకాస్త గట్టిగా నొక్కింది.

అప్పటి నుంచి గొర్రెలతో పోయేటప్పుడు మల్లప్ప, ఖాళీగా వచ్చేటప్పుడు భద్రమ్మ. వానలు తెచ్చే మిరుగం కార్తె వచ్చేసరికి గేర్లు కూడా ఆమే వేస్తోంది. ఐలేశం ఒకసారి పనిగట్టుకుని వాళ్లతో వచ్చి, పోను రాను బండి వెనకే కూర్చున్నాడు. ఎందుకు ముందు కూర్చోవు అంటే, వెనక ఉంటే మీట చప్పుడు వినిపిస్తుందని చెప్పాడు.

ఆ మిరుగంలోనే ఒకరోజు, డిండికి ఇవతల పడమట మబ్బు కమ్ముకొస్తుండగా, బాట పక్కన ఒక గొల్ల ముసలాయన చెయ్యి ఎత్తాడు. కాలు విరిగిన గొర్రెను మెడ మీద వేసుకుని ఉన్నాడు. బండి అతని ముందు మెత్తగా ఆగింది. ముందు సీటు వైపు చూడకుండానే అతను గొర్రెతో సహా వెనక ఎక్కి కూర్చున్నాడు. మూడు కోసుల దూరం, గుంతల బాట. తన ఊరి దగ్గర బండి రేకును చరిచి ఆపించి, దిగి ముందుకు వచ్చాడు.

"డ్రైవరు సాబూ, గొర్రె ఒక్కపాలి గూడ అరువలేదు. నీ చేతికి దండం..." అంటూ కిటికీలోకి వంగి చూశాడు. మాట మధ్యలోనే ఆగిపోయింది. అటు చివర మల్లప్ప తలపాగా ముఖం మీదికి లాక్కుని కునుకు తీస్తున్నాడు. చక్రం వెనక భద్రమ్మ.

"అవ్వా! నువ్వా... నువ్వేనా నడిపింది?"

"నేనే. జల్ది ఇంట్లకు పో, తాతా. వాన వస్తాంది, గొర్రె తడుస్తది."

ముసలాయన పోలేదు. మొదటి చినుకులు నెత్తి మీద పడుతున్నా, గొర్రెను పొట్టకు అదుముకుని, బండి మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా అట్లాగే చూస్తూ నిలబడ్డాడు.